ల్యాప్ స్టీల్ మరమ్మతు చిట్టా: ముందు నట్టు, ఆ తర్వాతే పికప్పు

చేతికొచ్చిన సరుకు ఇది: కలకత్తా తయారీ ఆరు తీగల ఎలక్ట్రిక్ హవాయిన్ గిటార్, ఒళ్లో పడుకోబెట్టి వాయించే రకం, అదే ల్యాప్ స్టీల్. టేకు ఒంటిచెక్క. స్కేలు, అంటే మోగే తీగ పొడవు, 22.5 అంగుళాలు (571.5 మి.మీ.). తీగల కదలికని ఆంప్‌కి సిగ్నల్‌గా పంపే సింగిల్ కాయిల్ పికప్పు ఒకటే, వాల్యూమ్, టోన్ కంట్రోళ్లు. ఏళ్ల తరబడి పెట్టెలోనే ఉండి విశాఖ ఉప్పుగాలి పీల్చింది. తీగలు బిగించే ట్యూనర్లు తిరగవు, క్రోమ్ అంతా పొక్కులు, ఆంప్‌కి కలిపితే హమ్ తప్ప ఇంకేం రాదు.

ఇలాంటిది దొరగ్గానే చాలామంది ముందు పికప్పు మార్చేస్తారు. అది తలకిందుల పని. దీనికి నొక్కే ఫ్రెట్లు (మెట్లు) లేవు, సర్దాల్సిన మెడ లేదు. తీగకి రెండు చివర్లా రెండు ఆనికలు (ట్యూనర్ల వైపుది నట్టు, రెండో వైపుది బ్రిడ్జి), పైన జరిగే స్టీలు కడ్డీ, అంతే. కడ్డీ జరుపుతూ వాయించే మెట్లు లేని వీణ, గోటువాద్యం, చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఆనికలు సరిగా లేకుండా ఎంత మంచి పికప్పు బిగించినా, ఉన్న గరగరని పెద్దది చేసి వినిపిస్తుంది.

మొదటి వారం: కొలతలు, విప్పడం

తీగలు బిగించి ఉండగానే కొలతలు రాసుకోవాలి. నట్టు అంచు నుంచి బోర్డు మీది 12వ గీత 285.5, అక్కణ్నుంచి బ్రిడ్జి 286, తీగల మధ్య ఎడం 9.5, బోర్డు నుంచి తీగ ఎత్తు 8 మి.మీ. వచ్చాయి. విప్పేశాక ఈ అంకెలు మళ్లీ దొరకవు.

తుప్పుపట్టిన మరమేకుల్ని బలంగా తిప్పితే తల చిరుగుతుంది. 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మొనని తల మీద ఒక నిమిషం ఆనించి, పూర్తిగా చల్లారనిచ్చి, అప్పుడు తిప్పాలి. వేడికి మేకు ఉబ్బి, చల్లారాక ముడుచుకుంటుంది. తుప్పు పట్టు వదిలేస్తుంది. పదకొండిట్లో తొమ్మిది ఇలాగే వచ్చాయి. మిగతా రెండూ చిరగడానికి కారణం తుప్పు కాదు, గాడి కన్నా సన్నగా ఉన్న స్క్రూడ్రైవర్ మొన. మొనని ఆకురాయితో గాడికి సరిపడా సరిచేసుకున్నాకే చెయ్యి వేయాల్సింది. వదులైన రంధ్రాల్లో ఫెవికాల్ పూసిన వెదురు పుల్లలు దిగ్గొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, 1.5 మి.మీ. బిట్టుతో మళ్లీ రంధ్రం వేస్తే మేకు గట్టిగా పట్టింది.

పై పాలిష్ గీకలేదు. సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవడం, ఊడిన అంచుల మీద లక్క పాలిష్ రెండు చేతులు వేయడం, అంతవరకే. గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఈ పని పెట్టుకోవద్దు. పాలిష్‌లోని స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి, గాలిలోని నీటిని పట్టుకుని తెల్లబారుతుంది. మన ఊళ్లో డిసెంబరు, జనవరి మధ్యాహ్నాలు దీనికి మంచివి.

రెండో వారం: ట్యూనర్లు

మూడేసి ట్యూనర్లు ఒక్కో పట్టీ మీద ఉన్న పాత రకం, ఇరుసుల మధ్య 35 మి.మీ. దూరం. ఇదే కొలతతో కొత్తవి ఇప్పటికీ దొరుకుతాయి కానీ పళ్లు అరగలేదు కాబట్టి ఉంచేశాం. రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టి, పళ్ల బ్రష్షుతో తోమి, ఆరబెట్టి, మర పళ్ల మీద గుండుసూది తలంత లిథియం గ్రీజు. ఎక్కువైతే చెక్కలోకి దిగి మరక పడుతుంది. ప్లాస్టిక్ గుబ్బలు ముట్టుకుంటే పొడి అయిపోయాయి. కొత్త గుబ్బలు ఎక్కించడానికి ఇరుసు చివర ఐరన్‌తో వేడిచేసి మెల్లగా నొక్కడమే. వంకరగా దిగితే వేడి మీద ఉండగానే సరిచేయాలి.

మూడో వారం: నట్టు

పాత ప్లాస్టిక్ నట్టులో గాళ్లు లోతుగా అరిగిపోయాయి. కొత్తది 6 మి.మీ. మందం ఇత్తడి పట్టీ, పొడవు 58 మి.మీ. ఆటోనగర్ లేత్ షాపుల్లో ఇలాంటి ముక్క కోయించడం చిన్న పని. తీగ ఎత్తు 8 నుంచి 10 మి.మీ.కి పెంచాం. 

ఇక గాళ్లు. మామూలు గిటార్‌లో తీగల అడుగులు ఎత్తు చూసుకుంటారు. ఇక్కడ తీగల పైభాగాలు ఒకే గీతలో ఉండాలి, ఎందుకంటే వాటి మీద ఆనేది వంగని కడ్డీ. మన తీగల మందాలు సన్నం నుంచి లావుకు: 0.015, 0.018, 0.022, 0.026, 0.030, 0.038 అంగుళాలు. మి.మీ.లో మొదటిది 0.38, చివరిది 0.97. అంటే ఆరో తీగ గాడి ఒకటో తీగ గాడి కన్నా 0.59 మి.మీ. లోతు ఉండాలి, మధ్యవి ఆ వరసలోనే దిగాలి. అన్ని గాళ్లూ ఒకే లోతు కోస్తే కడ్డీ లావు తీగ మీద నిలబడిపోతుంది. సన్నతీగలకి సరిగా ఆనదు, అవి చిటచిటలాడతాయి. అది వాయించే చేతి తప్పనుకుని నెలలు సాధన చేసేవాళ్లున్నారు.

నట్టు కోతకని అమ్మే ఆకురాళ్లు ఖరీదు. గ్యాస్ వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే గరుకు తీగల సెట్టు పూర్ణా మార్కెట్ హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగితే దొరుకుతుంది, పని జరిగిపోతుంది. తీగ మందం కన్నా ఒక నంబరు పెద్దది వాడాలి. ఇత్తడి నెమ్మదిగా కోసుకుంటుంది, అది మంచిదే. పది సార్లు లాగడం, తీగ వేసి చూడడం, మళ్లీ పది సార్లు. గాడి ట్యూనర్ వైపు వాలాలి, తీగ బ్రిడ్జి వైపు అంచు మీదే తెగినట్టు ఆనాలి. గాడి సమతలంగా ఉంటే తీగ దాని పొడవునా కొట్టుకుని, తంబురాకి జీవాళి (తీగ కింద దూర్చే నూలుపోగు) పెట్టినట్టు జుమ్మంటుంది. తంబురాకి అది అందం, ఇక్కడ రోగం.

పరీక్షకి నట్టు పక్కనే తీగల మీద అడ్డంగా స్టీలు స్కేలు అంచు పెట్టి, వెనక ఫోన్ లైటు వేయాలి. ఏ తీగకీ స్కేలుకీ మధ్య వెలుతురు గీత కనిపిస్తే ఆ తీగ కిందకి ఉన్నట్టు. దాన్ని ఎత్తలేం కాబట్టి మిగతా ఐదూ దించాలి. అందుకే చివరి 0.1 మి.మీ. దగ్గర తొందర పనికిరాదు.

బ్రిడ్జి ఇనుప యాంగిలే. తీగలు తిన్న గుంటలు పోయేవరకు అంచు 0.3 మి.మీ. అరగదీసి, 400 ఎమెరీతో నునుపు చేశాం. బిగించేటప్పుడు కొత్త నట్టు ముందంచు పాతదాని చోటే కూర్చోవాలి. 12వ గీత నట్టు నుంచి 285.75, ఐదోది 143.4, ఏడోది 190.1 మి.మీ. దగ్గర ఉండాలి. నట్టు 2 మి.మీ. జరిగినా బోర్డు మీద గీతలన్నీ అబద్ధం చెప్తాయి.

నాలుగో వారం: పికప్పు

మల్టీమీటర్ పెడితే కాయిల్ తీగ తెగినట్టు చూపించింది. కవరు తీస్తే కాయిల్ బయటి చివర, సోల్డర్ దగ్గర, పచ్చని చిలుము. తేమ, ఉప్పు, పాత ఫ్లక్సు కలిసి వెంట్రుక కన్నా సన్నని రాగిని అక్కడే తినేస్తాయి. బయటి చివర మాత్రమే పోతే పది చుట్లు విప్పి అతికితే చాలు. విప్పి చూశాం, లోపలి చివరా పోయింది. మొత్తం తిరగచుట్టడమే.

తీగ కొనేటప్పుడు జాగ్రత్త. పికప్పుల గురించి రాసేవాళ్లు చెప్పే 42 గేజ్ అమెరికన్ లెక్క, మందం 0.063 మి.మీ. మన మోటార్ వైండింగ్ దుకాణాల్లో 42 అని అడిగితే బ్రిటిష్ లెక్క ప్రకారం 0.1 మి.మీ. తీగ ఇస్తారు. దానితో బాబిన్ (తీగ చుట్టే చట్రం) నిండేసరికి కావాల్సిన చుట్లలో సగం కూడా పడవు. ఇక్కడ అడగాల్సింది 46 నంబరు, 0.061 మి.మీ.

చుట్టడానికి వేగం సర్దుకునే డ్రిల్లు. లెక్కకి పాత క్యాలిక్యులేటర్: సమానం బటన్ కింది రెండు కొసలకి రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్) కలిపి, చక్‌కి చిన్న అయస్కాంతం అంటించి, 1+1 కొట్టి మొదలుపెడితే ప్రతి చుట్టుకీ ఒకటి కలుస్తుంది. సెకనుకి ఎనిమిది చుట్లు దాటితే లెక్క జారింది, అందుకే మెల్లగా నడిపాం. తీగని వేళ్ల మధ్య ఉన్ని గుడ్డలోంచి వదలాలి. బిగువు ఎక్కువైతే తెగుతుంది, తక్కువైతే చుట్లు వదులై పికప్పు మైకులా అరుస్తుంది. 2,300 దగ్గర ఒకసారి తెగింది, కారణం బాబిన్ అంచు మీద మిగిలిన గరుకు. అతికి, సన్నని టేపు ముక్క వేసి కొనసాగించాం. 7,500 చుట్లకి 6.4 కిలో ఓములు.

తర్వాత, చుట్లు కదలకుండా మైనం పట్టించడం. 200 గ్రాముల పారఫిన్, 50 గ్రాముల తేనెమైనం, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి 65 డిగ్రీలు దాటకుండా. మంట మీద నేరుగా పెట్టొద్దు, మైనం అంటుకుంటుంది. అంతకన్నా వేడెక్కితే బాబిన్ ప్లాస్టిక్ వంగిపోవచ్చు. బుడగలు ఆగేవరకు, సుమారు 15 నిమిషాలు. తీసిన వెంటనే మీటరు 7.2 చూపిస్తే కంగారు పడొద్దు. వేడి రాగికి నిరోధం ఎక్కువ, చల్లారాక 6.4కే వచ్చింది. అయస్కాంతం బాగానే ఉంది, ముట్టుకోలేదు.

ఐదో వారం: వైరింగ్

పాత పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే కంట్రోళ్లు) పడేశాం. కావాల్సింది 250 కిలో ఓముల లాగ్ రకం, అంటే తిప్పే కొద్దీ మోత చెవికి సమంగా తగ్గేది. డాబాగార్డెన్స్ షాపుల్లో 500 లాగ్ మాత్రమే దొరికితే రెండు చివరి కాళ్ల మధ్య 470 కిలో ఓముల రెసిస్టర్ వేస్తే పికప్పుకి 242 కిలో ఓములుగానే కనిపిస్తుంది. అసలు చిక్కు లీనియర్ రకం అంటగట్టడం. దానితో నాబ్ చాలాదూరం తిప్పినా వాల్యూమ్ తగ్గినట్టుండదు, చివర్లో ఒక్కసారి పడిపోతుంది. చిటికెన వేలితో వాల్యూమ్ ఉబ్బిస్తూ వాయించే వాయిద్యానికి ఇది చావుదెబ్బ. కొనే ముందు నాబ్ సగం తిప్పి మధ్యకాలుకీ చివరికాలుకీ మీటరు పెట్టండి. మొత్తంలో సగం చూపిస్తే లీనియర్, ఒక చివర పదో ఇరవయ్యో శాతం అయితే లాగ్.

టోన్‌కి 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఒంటి మీద 473 అని ఉంటుంది. 223 పెట్టి చూస్తే మూసినప్పుడు కూడా కొంత పదును మిగిలింది, కానీ ఈ వాయిద్యానికి మెత్తదనమే బాగుంది. జాక్ పీ-38 (6.35 మి.మీ.) మోనో. పికప్పు, కంట్రోళ్లు కూర్చునే గుంటంతా రాగి రేకు అంటించి, ముక్కల అతుకుల మీద టంకం వేసి, అన్ని గ్రౌండ్లూ ఒకే చోటికి తెచ్చాం. బ్రిడ్జికి గ్రౌండ్ తీగ ఎప్పుడో తెగిపోయింది. హమ్‌లో సగం దానిదే. తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గితే సరే, పెరిగితే జాక్ దగ్గర వైర్లు తారుమారైనట్టు.

ఒక్క జాగ్రత్త. తీగలకి గ్రౌండ్, చేతిలో ఇనుప కడ్డీ. ఆంప్‌కి ఎర్త్ లేకపోతే షాక్ నేరుగా చేతికే. మూడు పిన్నుల ప్లగ్గుంటే సరిపోదు, గోడలో ఎర్త్ ఉందో లేదో చూడాలి. పక్కన పాడే మైకు ఉంటే తీగకీ మైకు జాలీకీ మధ్య ఏసీ వోల్టులు కొలవండి. కొన్ని వోల్టులు చూపినా ఆ రోజుకి వాయించొద్దు. ఇంకొకటి, భజనలకి వాడే పీఏ ఆంప్ మైకు ఇన్‌పుట్‌లో పెడితే గొంతు చెమ్మగిల్లినట్టుంటుంది. తప్పు పికప్పుది కాదు. ఆ ఇన్‌పుట్ నిరోధం చాలా తక్కువ, మనకి 1 మెగా ఓమ్ దాకా కావాలి.

తీగలు, కడ్డీ

ట్యూనింగ్ సి6: లావు నుంచి సన్నానికి సి, ఈ, జి, ఏ, సి, ఈ. పై మందాలతో ఒక్కో తీగ 10 నుంచి 13 కిలోల లాగుడు, మొత్తం 70 కిలోల దగ్గర. ఊళ్లో దొరికే 10-46 (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) ఎలక్ట్రిక్ సెట్టులో 26 పనికొస్తుంది, 17, 36 దగ్గర దగ్గరగా సరిపోతాయి; మిగతావి విడిగా తెప్పించాలి. అకౌస్టిక్ కంచు తీగలు వద్దు. పైన చుట్టిన కంచుకి అయస్కాంతం పట్టదు, లోపలి ఉక్కు మాత్రమే మోగి లావు తీగలు నీరసంగా వస్తాయి.

కడ్డీ 20 మి.మీ. స్టెయిన్‌లెస్ రాడ్డు, 75 మి.మీ. పొడవు, ఒక చివర గుండ్రం, బరువు 180 గ్రాముల చిల్లర. లేత్ గీతలు అలాగే ఉంటే తీగ మీద జర్రుమంటుంది. 400, 800, 1500, 2000 కాగితాలు, చివర్లో బ్రాసో. రుద్దేది ఎప్పుడూ కడ్డీ పొడవునా.

మిగిలినవి: ఆరో తీగ గాడి ఇంకా 0.1 మి.మీ. ఎత్తుంది, గట్టిగా మీటితే నట్టు దగ్గర చిన్న చప్పుడు. క్రోమ్ కవరు కొత్త పూతకి పంపాలి. పెట్టెలో రెండు సిలికా జెల్ సంచులు వేశాం. రంగు మారినప్పుడల్లా పెనం మీద వేడిచేసి మళ్లీ వేయాలి.