మాల తీశాక ఎక్కడికి?

మా నాన్న ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసేవాడు. చిన్నప్పుడు నాకు కంటినిండా నిద్ర పట్టింది ఆ 41 రోజులే. తాగడు, కొట్టడు, నన్ను కూడా "స్వామీ" అని పిలుస్తాడు. మాల తీసిన రాత్రి మాత్రం, వీధిలో సైకిల్ చప్పుడు వినపడగానే వడ్లబస్తాల వెనక దూరేవాణ్ణి.

అందుకే నేనూ తాగుడులో పడ్డాక "మాల వేసుకో, తాగుడు అదే పోతుంది" అని ఎవరన్నా ఒళ్ళు మండేది. రోజూ తాగేవాడు ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణకడంతో పోదు. ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆ గండం ఆస్పత్రిలో మందులతో దాటాకే, డాక్టరమ్మకి చెప్పి మాల వేశాను.

తెనాలిలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెంగన్నూరులో దిగాం. అక్కణ్ణించి బస్సులో పంబ. స్నానం చేసి, ఇరుముడి నెత్తిన పెట్టుకుని నీలిమల ఎక్కుతుంటే, అప్పాచిమేడు దగ్గర గుండె దడ మొదలైంది. ఎక్కుడు వల్ల వచ్చిన ఆయాసం కాదది, సైకిల్ చప్పుడుకి పుట్టే పాత దడే. పక్కకి జరిగి కూలబడ్డాను. మా గురుస్వామి వచ్చి కూర్చున్నారు. డాక్టరమ్మకి తప్ప ఎవరికీ చెప్పని సంగతి ఆయనకి చెప్పాను.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ నాన్నకి మాల వేసింది నేనే, తీసిందీ నేనే. తీశాక ఎక్కడికెళ్తున్నావని ఒక్క ఏడాదీ అడగలేదు స్వామీ" అన్నారు.

శరంగుత్తిలో శరం గుచ్చాను. తొలిసారి మాల వేసిన కన్నెస్వామి రాని ఏడాది మాలికాపురత్తమ్మని పెళ్ళాడతానని అయ్యప్ప మాటిచ్చాడంటారు. పాపం, ఆవిడ పెళ్ళికి ఈసారి నేనూ అడ్డే. పద్దెనిమిది మెట్లూ జనం తోపులోనే ఎక్కేశాను. దర్శనం రెప్పపాటు. గొప్ప అనుభూతేమీ కలగలేదు. ముద్రకొబ్బరికాయలోని నెయ్యి అభిషేకానికిచ్చి చిప్పని గుండంలో వేశాం. నెయ్యి ఆత్మ, చిప్ప శరీరం అంటారు. ఇన్నేళ్ళు నేను పెట్టిన మంటకి నా లివరు ఎలా మిగిలిందో మరి!

తిరుగు రైల్లోనే కొందరు మాల తీశాక ఎక్కడ కూర్చోవాలో మాట్లాడుకుంటున్నారు. నేను గురుస్వామిని ఒకటే అడిగాను, సాయంత్రం ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే బృందం) మీటింగు ఉన్న రోజే నా మాల తీయమని. ఆయన సరేనని, మీటింగు గుమ్మందాకా తోడొచ్చారు.

ఇప్పుడు మాల తీసేటప్పుడు ప్రతి స్వామినీ "ఇక్కణ్ణించి ఎక్కడికి?" అని అడుగుతున్నారు. కొందరు విసుక్కుంటున్నారు.