సిగ్నల్ ఫుల్లు, కాల్ నిల్లు

మాదాపూర్‌లో ఒక ఆఫీసు. మూడో ఫ్లోరు, డెబ్భై మంది. "వైఫై సిగ్నల్ నిండుగానే ఉంటుందండీ, మీటింగ్ రూములోకి అడుగుపెట్టగానే కాల్ తెగిపోతుంది. ఇంకో రెండు బాక్సులు పెట్టేయండి" అన్నారు అడ్మిన్ మేడం. అమ్ముకుంటే నాకు లాభమే గానీ, ముందు ఒకసారి తిరిగి చూస్తానన్నాను.

ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని, ఫ్లోర్ ప్లాన్ ప్రింటు మీద పదేసి అడుగులకు ఒక సిగ్నల్ రీడింగ్ రాసుకుంటూ నడిచాను. యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై ఇచ్చే బాక్సులు, ఐదు. ఐదూ కారిడార్‌లోనే వరసగా ఉన్నాయి. అక్కడైతే కేబుల్ లాగడం సులువు, బిగించినవాళ్లు అదొక్కటే చూసుకున్నారు. మధ్యలో అడ్డం లేదు కాబట్టి బాక్సుల మాట బాక్సులకు బ్రహ్మాండంగా వినబడుతుంది. మనుషులు కూర్చునేది మాత్రం గోడల అవతల. నాలుగోది ఎక్కడా కనబడకపోతే నిచ్చెన వేసి సీలింగ్ పలక ఎత్తి చూశాం. ఏసీ డక్టు రేకుకు ఆనించి, దుమ్ము కప్పుకుని పడుకుని ఉంది!

పవర్ ఐదింటికీ 23 డీబీఎమ్ (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క). అసలు తిరకాసు ఇదే. ఫోను పంపేది మామూలుగా 12, 15 దగ్గర. 10 డీబీ తేడా అంటే పది రెట్లు. బాక్సు మైకు పట్టుకుని అరుస్తుంది, ఫోను గొణుగుతుంది. అరుపు ఇటు వినబడుతుంది గనక గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి, గొణుగుడు అటు చేరదు. పైగా ఒక బాక్సును వదిలి ఇంకోదాన్ని ఎప్పుడు పట్టుకోవాలో తేల్చుకునేది ఫోనే, మనం కాదు. మీటింగ్ రూములో నిలబడి చూస్తే పక్క బాక్సు -55లో ఉంది (ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం). నా ఫోను మాత్రం రిసెప్షన్ దగ్గరి బాక్సునే -78లో పట్టుకుని వేలాడుతోంది. కాల్ సాఫీగా నడవాలంటే -67 కన్నా పడిపోకూడదు.

కొత్త బాక్సు ఒక్కటీ కొనిపించలేదు. మూడింటిని కారిడార్ నుంచి హాళ్లలోకి మార్చాం, డక్టు మీద దాన్ని సీలింగ్ కిందికి దించాం. వైఫై నడిచే బ్యాండ్లు ఇక్కడ రెండు, 5 గిగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్. పవర్ 5లో 14కి, 2.4లో 8కి తగ్గించాను. 2.4లో ఒకదానితో ఒకటి కలవకుండా మామూలుగా వాడే చానెళ్లు 1, 6, 11. మన దేశంలో 13 దాకా వాడుకోవచ్చు గానీ, నేను ఈ మూడింటితోనే సరిపెట్టాను. అందుకే రెండు బాక్సుల్లో 2.4 ఆపేశాను.

5లో అన్నిటికీ చానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ పెట్టి ఉంది. స్పీడ్ టెస్టులో అంకె అందంగా కనబడుతుంది లెండి. కానీ కొన్ని చానెళ్లు రాడార్లూ వాడతాయి, రాడార్ వినబడితే బాక్సు ఖాళీ చేసి వెళ్లాలి. ఆ గొడవలేని చానెళ్లలో 80కి రెండే చోట్లు. 40కి తగ్గిస్తే 36, 44, 149, 157 అని నాలుగొచ్చాయి. ఐదో బాక్సుకు దూరంగా ఆ చివర మళ్లీ 36 ఇచ్చాను.

నెట్‌వర్క్ పేర్లు ఆరుంటే మూడు చేశాను. ప్రతి పేరుకూ బాక్సు సెకనుకు దాదాపు పదిసార్లు "నేనున్నా" అని చాటింపు వేస్తుంది, గాలిలో చాలా సమయం దానికే పోతుంది. ఇక ఊపులో పాత వైఫై స్పీడ్లు 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ అన్నీ ఎత్తేసి, కనీసం 12 ఉండాలని పెట్టాను. సాయంత్రం మీటింగ్ రూములో నడుస్తూ ఇరవై నిమిషాలు వీడియో కాల్ మాట్లాడి, తెగకపోయేసరికి హాయిగా ఇంటికెళ్లిపోయాను.

మర్నాడు తొమ్మిదింపావుకి మేడం ఫోను. "ఏం చేశారండీ, వేలిముద్ర మిషన్ ఎవరి అటెండెన్సూ పంపట్లేదు!" అది 11 స్పీడు దాటి ఎరగని ముసలి సరుకు. నా లిస్టులో ల్యాప్‌టాప్‌లున్నాయి, ఫోన్లున్నాయి, ప్రింటర్లున్నాయి. తలుపు పక్క గోడకున్న మిషన్ కంటపడలేదు. దానికోసం పాత స్పీడ్లు మళ్లీ తెరవబుద్ధి కాలేదు. మధ్యాహ్నం వెళ్లి కేబుల్ లాగి ఇచ్చాను, దానికి బిల్లు వేయలేదు.