వేస్ట్ సెట్

పదకొండు దాటింది. ఒక్క మాట గొంతులో చేపముల్లులా ఇరుక్కుని నిద్ర పట్టనివ్వడం లేదు. "వేస్ట్ సెట్ మేడమ్."

మా జిమ్ కోచ్ కుర్రాడే, ఇంకెవరు. పొద్దున ఆరున్నరకి 40 కిలోల బార్ భుజాల మీద పెట్టుకుని 8 స్క్వాట్లు, అంటే కూర్చుని లేవడాలు, తీసి బార్ స్టాండు మీద పెట్టాను. మొదటి నెలలో ఉత్త బార్ 20 కిలోలకే మోకాళ్ళు వణికిన మనిషిని. అద్దంలో నన్ను నేను కాస్త గొప్పగా చూసుకుంటుంటే వచ్చి, "బర్న్ వచ్చిందా?" అన్నాడు, కండల్లో మంట పుట్టిందా అని. భోంచేశారా అని అడిగినట్టు అడుగుతాడు ఆ మాట. రాలేదన్నాను. ఆ విడత అంతా దండగన్నట్టు వేస్ట్ సెట్ అనేసి, గులాబీ రంగు డంబెల్స్ రెండు తెచ్చి చేతుల్లో పెట్టాడు. ఒక్కోటి 2 కిలోలు. మా వంటింట్లో కందిపప్పు డబ్బా అంతకంటే బరువుంటుంది. వాటిని పక్కలకి 30 సార్లు ఎత్తించాడు. ఇరవై దాటాక భుజాల్లో నిప్పులు పోసినట్టే అయింది, కాదనను. "చూశారా, ఇప్పుడు పని జరుగుతోంది. లేడీస్‌కి బరువులెందుకు మేడమ్, మంట పుడితే చాలు" అన్నాడు.

పక్కన వాడి ఈడు కుర్రాడొకడు 100 కిలోలు పెట్టుకుని 5 సార్లు కూర్చుని లేచాడు. వాడిని మాత్రం మంట వచ్చిందా అని అడగలేదు. శభాష్ అని వీపు మీద చరిచాడు.

ఆ కోపంలో హాలు ఈ చివర నుంచి ఆ చివరకి లంజెస్ (lunges) వేశాను, అంటే ఒక్కో అడుగు ముందుకేసి మోకాలు వంచి దిగి లేవడం, చేతికో 5 కిలోలు పట్టుకుని, నాలుగు సార్లు. ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం ఇంటాయనతో చెప్పుకుంటే, "లాక్టిక్ యాసిడ్ రావాలి కదా, అప్పుడే కండ పెరిగేది" అన్నారు. ఆయన వ్యాయామం సంగతి మళ్ళీ రాయను, పోయినసారి చదివి అలిగారు. చిన్నోడు ఇంకో అడుగు ముందుకేసి పదో తరగతి సైన్సు పుస్తకం తెచ్చి, కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది అన్న పేరా మీద వేలు పెట్టాడు. ఇద్దరూ ఒక్కటైపోయారు.

ఆ ఆమ్లం కథ పాతది. కప్ప కండరాల మీద ప్రయోగాలు చేసిన హిల్, మయర్‌హాఫ్‌లకి 1922 నోబెల్ ఇచ్చారు. అప్పటి నుంచీ ఒళ్ళు ఎక్కడ నొచ్చినా తప్పు లాక్టిక్ యాసిడ్ మీదే. అసలు దొంగ అది కాదు. కండరం తొందరతొందరగా చక్కెరని వాడుకుంటూ పనిచేసేటప్పుడు హైడ్రోజన్ అయాన్లు, ఫాస్ఫేట్ లాంటివి పోగవుతాయి. లాక్టేట్, అంటే ఒంట్లో ఆ లాక్టిక్ యాసిడ్ ఉండే రూపం, కూడా వాటితోనే ఉంటుంది కానీ, దాన్ని గుండె ఇంధనంగా కాల్చుకుంటుంది, కాలేయం మళ్ళీ చక్కెరగా మార్చుకుంటుంది. గంటలో సర్దుకుంటుంది. మర్నాటి నొప్పికీ దానికీ సంబంధం లేదు.

ఇదంతా ఇంట్లో చెబితే "సరే టీచరమ్మా" అన్నారు. ఇక్కడ రాసుకుంటున్నాను.

మా అవ్వ బతికుంటే ఈ గొడవే ఉండేది కాదు. ఆమె దగ్గర ఒక్కో నొప్పికీ ఒక్కో పేరుండేది. మండడం వేరు, పీకడం వేరు, సలుపు వేరు, తీపులు వేరు, పట్టెయ్యడం వేరు. కలుక్కుమంటే మాత్రం పని ఆపి కూర్చోవాల్సిందే. మా జిమ్ములో అన్నిటికీ బర్న్ ఒక్కటే మాట.

నాకు పన్నెండేళ్ళప్పుడు అవ్వ మొక్కు తీర్చడానికి అలిపిరి నుంచి ఎక్కాం. తెల్లవారుజామున మూడున్నరకి మొదలుపెట్టాం. ఆమె ఒక చేత్తో పసుపు, ఇంకో చేత్తో కుంకుమ, మెట్టు మెట్టుకీ నడుం వంచి బొట్టు పెడుతూ ఎక్కింది. మొత్తం 3,550 మెట్లు. నేను వెనకాల పసుపు పొట్లాల సంచి మోస్తూ గాలిగోపురం దాకా వచ్చేసరికే ఏడుపు మొహం పెట్టాను. తొడలు భగభగా మండిపోతున్నాయి. "రోంతసేపు కూచ్చోమే, అదే పోతాది" అంది అవ్వ. కూర్చున్నాను. నిజంగానే రెండు నిమిషాల్లో పోయింది. లేచి నాలుగు మెట్లెక్కగానే మళ్ళీ వచ్చింది. మోకాళ్ళ పర్వతం దగ్గరైతే, రామానుజుల వారు ఇక్కడ మోకాళ్ళ మీద ఎక్కారని నాయన కథ చెబుతుంటే, నాకు ఆయన మీద కూడా కోపమొచ్చింది.

అసలు దెబ్బ అది కాదు. దర్శనమయ్యాక అందరూ బస్సెక్కి దిగుతుంటే, నాయన "దిగేదానికి బస్సెందుకు, కాళ్ళు లేవా?" అన్నాడు. బస్సు డబ్బులు మిగుల్చుకోవడానికని నాకు ఇప్పటికీ అనుమానం. దిగేటప్పుడు మంట లేనే లేదు. పరిగెత్తాను కూడా. మర్నాడు మంచం మీద నుంచి లేవలేకపోయాను. మూడు రోజులు దొడ్డికి కూర్చోవాలంటే గోడ పట్టుకుని దేవుణ్ణి తలుచుకున్నాను, ఏ దేవుణ్ణో చెప్పక్కర్లేదు. కండరం సాగుతూ బరువు ఆపుకోవాల్సి వస్తే, అందులోనూ అలవాటు లేని పనైతే, లోపల సన్నగా దెబ్బతింటుందట. ఆ నొప్పి ఒకటి రెండు రోజులకి బాగా ముదురుతుంది. ఎక్కేటప్పుడు మండింది, దిగేటప్పుడు దెబ్బ తగిలింది.

అంత మండినా కండ పెరిగిందా? మండితే చాలనుకుంటే మా తిరుపతిలో తొడలు లేని మనిషి ఉండకూడదు. అరవై అయిదేళ్ళ అవ్వ కాళ్ళు చెరకు గడల్లా సన్నగా ఉండేవి. నేల మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేచేది. ఆమెకి ఉన్నది ఓర్పు, లావు కాదు. లావెక్కాలంటే కండరం మీద గట్టి లాగుడు పడాలి.

ఇక్కడి దాకా రాసి, రేపు ఆ కుర్రాడికి ఇదంతా అప్పజెప్పాలని సంబరపడ్డాను. కానీ జపాన్ వాళ్ళ కాట్సు పద్ధతి గుర్తొచ్చింది. చేతికో కాలికో పట్టీ బిగించి, ఎత్తగలిగిన దాంట్లో అయిదో వంతు, మహా అయితే మూడో వంతు బరువుతో చేస్తారు. ఘోరంగా మండుతుంది. కండ కూడా పెరుగుతుంది. చిన్న బరువుతోనైనా ఇక ఎత్తలేను అన్న చోటు దగ్గర దాకా వెళితే పెద్ద కండర తంతువులు కూడా పనిలోకి దిగక తప్పదు కదా. 5 సార్లు ఎత్తినా 30 సార్లు ఎత్తినా, ఆ చోటుకి దగ్గరగా వెళితే పెరుగుదల ఇంచుమించు ఒకటే. 30 సార్ల దారిలో వెళితే మంట తగులుతుంది, 5 సార్ల దారిలో పెద్దగా తగలదు. అంటే ఆ గులాబీ డంబెల్స్ ఉత్త దండగ కాదు. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది.

ఇంకా కష్టమైన సంగతి చెబుతాను. ఆ 8 స్క్వాట్లకి ఎందుకు ఆపాను? కాళ్ళు ఆగిపోయి కాదు. పుస్తకంలో 8 అని రాసుకున్నాను కాబట్టి ఆపాను. ఇంకో నాలుగైదు ఖాయంగా వచ్చేవి. పుస్తకం తీసి చూస్తే రెండు నెలలుగా అదే 40, అదే 8. పక్కన నక్షత్రాలు మాత్రం పెట్టుకుంటూ వచ్చాను. వాడు వేస్ట్ అన్నది నిజమే. వాడు చెప్పిన కారణం తప్పు, అంతే. వాడికి ఆ సంగతి చెబుతానా అంటే చెప్పను. లేడీస్‌కి బరువులెందుకు అన్న మాటకి ఇంకా లెక్క తేలలేదు.

రేపటి గడిలో 42.5 అని రాశాను. కొట్టేశాను. లంజెస్ వేసిన కాళ్ళతో రేపేం స్క్వాట్లు, ఎల్లుండి గడిలోకి మార్చాను.

పైన ట్యాంకు నిండి నీళ్ళు కారుతున్న చప్పుడు. మళ్ళీ ఎవరూ మోటారు ఆపలేదు. స్విచ్చు కింద, మెట్ల గదిలో ఉంది. ఇప్పుడే కుర్చీలోంచి లేవబోయాను, తొడలు అప్పుడే బిగుసుకుంటున్నాయి. పద్దెనిమిది మెట్లు. దిగాలి.