క్లారినెట్టా, పిల్లి అరుపా
సత్యనారాయణపురంలో మా డాబా మీద క్లారినెట్ మొదలుపెట్టి మూడు వారాలైంది, మొదటి వారమంతా కీచుమని అరుపులే, కింద పోర్షన్ పిన్నిగారైతే "ఏంటి బాబూ, పిల్లేమన్నా ఇరుక్కుందా" అని పైకొచ్చి చూశారు. తప్పెక్కడంటే నేను రీడ్‌ని (నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్‌కి బిగించే పల్చటి బద్ద, ఊదితే అదరేది అదే) కొరికేసినట్టు నొక్కేస్తున్నా. కింది పెదవిని కింది పళ్ల మీదకి కాస్త మడిచి దానిమీద రీడ్ ఆనించాలి, పై పళ్లు మౌత్‌పీస్ మీద ఉండాలి, పెదాల మూలలు బిగించాలి, బుగ్గలు మాత్రం పూరీలా పొంగకూడదు (నావి పొంగుతూనే ఉన్నాయి). పైగా షాపులో 3 నంబర్ రీడ్ అంటగట్టారు, నంబర్ పెరిగేకొద్దీ రీడ్ గట్టిగా ఉంటుంది, కొత్తవాళ్లకి 2 లేదా 2.5 చాలు. రీడ్ ముందు నోట్లో పెట్టుకుని తడపాలి, బెజవాడ ఎండకి ఇట్టే ఆరిపోతుంది మరి. ఇప్పుడు రోజూ మొత్తం బిగించకుండా ఉత్త మౌత్‌పీస్, దాని కింద తగిలించే చిన్న గొట్టం బ్యారెల్ పెట్టి ఒకటే స్వరం పొడుగ్గా ఊదుతున్నా, బోరే గానీ సౌండ్ నిలబడుతోంది. పెళ్లి ఊరేగింపులో నడుస్తూ గంటలు గంటలు ఎలా ఊదుతారో ఆ బ్యాండు వాళ్లకి దణ్ణం పెట్టాలి.