పుట్టింట్లో తప్పిపోయే షుగర్ పరీక్ష

కడుపుతో ఉండగా షుగర్ వచ్చి, కాన్పయ్యాక తగ్గిపోతే ఇంట్లోవాళ్లంతా హమ్మయ్య అనుకుంటారు. మాయ పడిపోగానే ఇన్సులిన్‌కు అడ్డుపడే హార్మోన్లు పోతాయి, రీడింగ్ రోజుల్లోనే మామూలుకొస్తుంది. ఆ భారం మోయలేక చేతులెత్తేసిన, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం మాత్రం అలాగే ఉంటుంది. వీళ్లకు తర్వాత టైప్-2 షుగర్ వచ్చే అవకాశం, గర్భంలో షుగర్ రానివాళ్లతో పోలిస్తే దాదాపు 10 రెట్లు.

అందుకే కాన్పయిన 6 వారాలకు గ్లూకోజ్ పరీక్ష చేయాలి. ఎక్కువగా తప్పిపోయేదీ అదే. గర్భిణిగా నమోదైంది అత్తగారి ఊళ్లో, కాన్పుకు వెళ్లింది పుట్టింటికి. ఇక్కడి ఏఎన్ఎమ్‌కు ఆమె ఊళ్లో లేదు, అక్కడి ఏఎన్ఎమ్‌కు ఆమెకు షుగర్ ఉండేదన్న సంగతే తెలియదు. మూడో నెలలో తిరిగొచ్చేసరికి అందరూ మరిచిపోతారు. పీహెచ్‌సీల్లో బీపీ, షుగర్ స్క్రీనింగ్ 30 ఏళ్లు దాటినవాళ్లకు. 24 ఏళ్ల బాలింత ఆ లెక్కలోకి రాదు.

నా దృష్టిలో తేలిక మార్గం, బిడ్డ టీకాతో దీన్ని ముడిపెట్టడం. పెంటావాలెంట్ మొదటి డోసు కూడా సరిగ్గా 6 వారాలకే. తల్లి ఏ ఊళ్లో ఉన్నా బిడ్డకు సూది వేయించడం మానదు. డిశ్చార్జ్ రోజే టీకా కార్డు మీద పెద్దక్షరాలతో "తల్లికి షుగర్ పరీక్ష, పరగడుపున రావాలి" అని రాసి పంపితే చాలు.

పరీక్షకు ముందు రాత్రి 9కల్లా భోజనం ముగించాలి, పొద్దున మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. బిడ్డకు పాలు ఇవ్వొచ్చు. ముందు మూడు రోజులు అన్నం తగ్గించకూడదు. పథ్యం పేరుతో అర్ధాకలితో ఉన్న బాలింతకు, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు తీసే రీడింగ్ లేనిపోని ఎక్కువ చూపించొచ్చు. పరగడుపు రక్తం తీశాక 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మి.లీ. నీళ్లలో కలిపి 5 నిమిషాల్లో తాగించాలి. వికారంగా ఉంటే కాస్త నిమ్మరసం పిండొచ్చు. అరగంటలోపు వాంతయితే ఆ రోజుకు పరీక్ష పోయినట్టే, మరోరోజు చేయాలి. రెండు గంటలకు మళ్లీ రక్తం తీస్తారు, అప్పటిదాకా కూర్చునే ఉండాలి. మధ్యలో ఇంటికెళ్లి పనులు చేసుకొస్తే రీడింగ్ నమ్మలేం.

పరగడుపున 126 గానీ, రెండు గంటలకు 200 గానీ, ఆపైన గానీ ఉంటే షుగర్ ఉన్నట్టు. పరగడుపున 100–125, లేదా రెండు గంటలకు 140–199 అయితే షుగర్ ముందుదశ. అంతకంటే తక్కువైతే మామూలే, అయినా ఏటా మళ్లీ చూడాలి. దీని బదులు, రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష రాసేవాళ్లున్నారు. కాన్పులో పోయిన రక్తం, రక్తహీనత, ఐరన్ మాత్రలు ఆ అంకెను అటూ ఇటూ లాగేస్తాయి. ఈ సమయంలో అది పనికిరాదు.

తిండి దగ్గర పెద్ద చిక్కు బెల్లంతో చేసిన కాయం. రోజూ రెండు ముద్దలు తినిపిస్తారు. వద్దంటే అమ్మమ్మలు వినరు, బెల్లం తగ్గించి చిన్న ఉండ చేయమంటే వింటారు. రాగి జావ మంచిదని గ్లాసులకు గ్లాసులు తాగడం ఇంకో పొరపాటు. మెత్తగా ఉడికిన పిండి కాబట్టి త్వరగా అరిగి షుగర్ ఎక్కుతుంది. కంచంలో సగం కూర, పావు అన్నం, పావు పప్పో గుడ్డో ఉంటే సరిపోతుంది. భోజనం చేశాక పదేసి నిమిషాలు, మొత్తం వారానికి 150 నిమిషాలు నడవాలి. బరువు ఎక్కువుంటే 5–7 శాతం తగ్గాలి. 70 కిలోల మనిషికి అది నాలుగు కిలోలే. పాలిచ్చే తల్లి దాన్ని నెలలో దించుకోవాలని చూడకూడదు.

ముందుదశలో ఉన్నవాళ్లకు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మంచి ఫలితమిస్తుంది. డీపీపీ అనే అమెరికా అధ్యయనంలో గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు అది తిండి, వ్యాయామాలతో సమానంగా, షుగర్ వచ్చే అవకాశాన్ని దాదాపు సగానికి తగ్గించింది. పాలల్లోకి చాలా కొద్దిగానే వెళుతుంది, అయినా డాక్టర్ చెప్పాకే మొదలుపెట్టాలి.

మళ్లీ గర్భం అనుకునే ముందు ఇంకోసారి పరీక్ష చేయించుకోవాలి. బిడ్డ అవయవాలు ఏర్పడేది మొదటి 8 వారాల్లో, అప్పుడు షుగర్ ఎక్కువుంటే వాటికి హాని, చాలామంది ఏఎన్ఎమ్ దగ్గర నమోదయ్యేది ఆ తర్వాతే.