ఒక్క ఫోను, 40 అట్టముక్కలు

"అర్థమైందా?" అని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో "అయింది సార్" అంటుంది. టీచర్ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాను. యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దేటప్పుడు గానీ కాలేదని తెలియదు. అప్పటికి రెండు పాఠాలు ముందుకు వెళ్లిపోయి ఉంటాం. వెనక్కి వెళ్దామంటే సిలబస్ టెన్షన్.

నేను నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే పిల్లలే ఎక్కువ. పత్తి ఏరే రోజుల్లో బెంచీలు సగం ఖాళీ. అలా పది రోజులు పోగొట్టుకొని వచ్చినవాళ్లు కూడా అందరితో కలిసి "అయింది సార్" అనేస్తారు.

ఫోన్‌తో పాఠం చెప్పడం నాకు కరోనాతో మొదలైంది. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, డీడీ యాదగిరి టీవీ చానళ్లలో పాఠాలు వేశారు. వాట్సాప్ గ్రూపు పెట్టాం, లింకులు పంపాం. ఇంటింటికీ వెళ్తే తెలిసింది, చాలా ఇళ్లల్లో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే నాన్న జేబులో పనికి పోతోందని. పిల్లల చేతిలో ఫోన్ ఉంటుందనుకొని చేసే ఏ ప్లానూ మా ఊళ్లో నడవదని అప్పుడే తేలిపోయింది. ఇక మిగిలింది నా ఫోన్ ఒక్కటే.

బడులు తెరిచాక ఆ ఒక్క ఫోన్‌తో నేను చేసిన పని వీడియోలు చూపించడం. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షా యాప్‌లో పాఠం తెరుచుకుంటుంది. రాత్రి ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకొని, పొద్దున క్లాసులో ఆరుగురు చొప్పున చుట్టూ నిలబెట్టి చూపించేవాణ్ని. సౌండ్ సరిపోకపోతే ఫోన్‌ను ఖాళీ స్టీలు చెంబులో నిలబెట్టేవాళ్లం, గది చివరిదాకా వినిపించేది. పిల్లలు కన్నార్పకుండా చూసేవారు. నేర్చుకుంటున్నారని సంబరపడ్డాను. పరీక్ష పెడితే మార్కులు ఎక్కడివక్కడే. చూడటం వేరు, ఆలోచించడం వేరు. నేను వాళ్లకు చూపిస్తున్నాను తప్ప ఏమీ అడగడం లేదు.

ప్లికర్స్ అనే యాప్ గురించి ఒక ట్రైనింగ్‌లో పక్కన కూర్చున్న లెక్కల మేడం చెప్పారు. ఫోన్ టీచర్ దగ్గర ఒక్కటుంటే చాలు, పిల్లల చేతిలో ఉండేది కాగితం ముక్క. ఒక్కో కాగితం మీద నల్లటి గడుల బొమ్మ ఉంటుంది, ఏ రెండూ ఒకేలా ఉండవు. నాలుగు వైపులా చిన్న అక్షరాల్లో ఏ, బీ, సీ, డీ. జవాబు సీ అనుకుంటే సీ ఉన్న వైపు పైకి తిప్పి పట్టుకోవాలి. నేను కెమెరా తెరిచి గది ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పితే ఎవరు ఏం పెట్టారో ఫోన్‌లో పడుతుంది. సరైనవి ఆకుపచ్చగా, తప్పులు ఎర్రగా.

దేవరకొండలో జిరాక్స్ సెంటర్‌లో 40 కార్డులు ప్రింట్ తీయించాను. పలచటి కాగితం చేతిలో వంగిపోతోంది. అట్ట కొందామంటే పిల్లలే ఉపాయం చెప్పారు. ప్రతి ఇంట్లో పాత పెళ్లి కార్డులు ఉంటాయి కదా సార్ అని. మర్నాటికి కట్టలు కట్టలు తెచ్చారు. వెనక వినాయకుడు, ముందు ప్లికర్స్ బొమ్మ, మధ్యలో గమ్. లామినేషన్ చేయించకపోవడమే మంచిదైంది. కిటికీ వెలుగు పడితే తళతళ మెరిసి కెమెరాకు దొరకదు. యాప్‌లో పిల్లల పేర్లు ఎక్కించలేదు, రోల్ నంబర్లే పెట్టాను. నా ఫోన్ ఎక్కడైనా పోతే పిల్లల వివరాలు పోకూడదని.

మొదటి రోజు ఏదీ సరిగ్గా నడవలేదు. వేళ్లు బొమ్మ మీదికి వచ్చి కార్డు పట్టదు. వెనక బెంచీలు చీకట్లో ఉంటాయి. ముందున్నవాడి తల అడ్డం. సిగ్నల్ కిటికీ దగ్గర తప్ప దొరకదు. మూడు ప్రశ్నలకు పీరియడ్ అయిపోయింది. ఆ వారమంతా సర్దుకోవడమే. టేబుల్ కిటికీ పక్కకు జరిపాం. కార్డును అంచుల దగ్గర రెండు చేతులతో, గుండెకు ఎదురుగా పట్టుకోవాలని అలవాటు చేశాం. వెనక వరుస లేచి నిలబడుతుంది. ప్రశ్న నేను బోర్డు మీదే రాస్తాను, ఫోన్ పని జవాబులు ఏరడం వరకే. ఇప్పుడు ఒక ప్రశ్నకు రెండు నిమిషాలు పట్టదు. రోజుకు మూడు ప్రశ్నలు, అంతకు మించి అడగను.

టెన్త్‌లో విద్యుత్ ప్రవాహం పాఠం జరుగుతోంది. ఒకే రకం బల్బులు రెండు, బ్యాటరీకి శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపాం, ఏది ఎక్కువ వెలుగుతుంది? బ్యాటరీకి మొదట తగిలేది ఏ, రెండోది బీ, రెండూ సమానం సీ, ఏదీ వెలగదు డీ. ఎప్పుడూ చెయ్యెత్తే కుర్రాడొకడున్నాడు. మామూలుగా అయితే వాడు "మొదటిది సార్" అంటాడు, మిగతావాళ్లు తలూపుతారు. కార్డుల్లో ఆ వీల్లేదు. పక్కవాడి బొమ్మ చూసి తిప్పుకుందామన్నా ఇద్దరి బొమ్మలూ వేరు. ఆ రోజు వచ్చింది 34 మంది. 23 మంది ఏ పెట్టారు. మొదటి బల్బు కరెంటును కొంత తినేస్తుందట, మిగిలిందే రెండోదానికి పోతుందట. ఓమ్ నియమం లెక్కలు తప్పులేకుండా చేసే పిల్లలు! నేను పాఠం చెప్పి అప్పటికి వారం.

జవాబు చెప్పలేదు. పక్కవాళ్లతో వాదించుకోమన్నాను. గది సంతలా అయింది. తర్వాత ఫోన్‌లో ఫెట్ సర్క్యూట్ తెరిచాను. అమెరికాలోని కొలరాడో బౌల్డర్ యూనివర్సిటీలో, నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఉచిత ప్రయోగాలవి. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ముందే దింపుకుంటే నెట్ అక్కర్లేదు. బల్బుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కరెంటును కొలిచే అమ్మీటర్ పెట్టాం. రెండుచోట్లా ఒకే అంకె. "అది ఫోన్‌ల సార్, అసలుదాంట్ల అట్లుంటదా?" అని వెనక నుంచి ఒక అమ్మాయి అడిగింది. నాకు చాలా నచ్చిన ప్రశ్న అది.

ల్యాబ్ నుంచి రెండు టార్చి బల్బులు, రెండు సెల్స్ తెచ్చి కలిపాం. మొదటిది కాస్త ఎక్కువే వెలిగింది. "చూడండి సార్, మేం చెప్పలే!" అని 23 మందీ గోల. ఒక్క క్షణం నాకూ ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత రెండు బల్బుల చోట్లు మార్చాను. ఈసారి ఎక్కువ వెలిగింది రెండోది. బల్బు ఎటు పోతే వెలుగు అటు పోయింది. రెండు బల్బులూ అచ్చం ఒకటి కావు, తేడా ఫిలమెంట్‌ది, చోటుది కాదు. గదిలో చప్పుడు ఆగిపోయింది. మళ్లీ కార్డులెత్తమంటే 31 మంది సీ. మిగతా ముగ్గురి నంబర్లు నా దగ్గరున్నాయి, మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్లతో మళ్లీ బల్బులు ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఈ ముగ్గురు ఎవరో ఇదివరకు నాకు తెలిసేదే కాదు.

ఊళ్లో మాత్రం మాట వేరేలా పోయింది. పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన లేచి, "సారూ, క్లాసుల మీరు ఫోన్ వట్టుకొని తిరుగుతున్నరంట. మరి మా పిల్లలను ఫోన్ ముట్టొద్దంటిరి గద?" అన్నాడు. అడగాల్సిన మాటే అడిగాడు. మర్నాడు క్లాసుకు రమ్మని పిలిచాను. వచ్చాడు. ప్రశ్న బోర్డు మీద రాసి ఫోన్ ఆయన చేతికిచ్చి, "మెల్లగా తిప్పన్నా" అన్నాను. అంకెలు ఒక్కొక్కటిగా ఆకుపచ్చగా, ఎర్రగా వస్తుంటే నిలబడి చూశాడు. "17 మావోనిదే గద? ఎర్రగొచ్చింది. ఏం తప్పువెట్టిండు సారూ?" అన్నాడు. మార్కులెన్ని అని అడిగేవాళ్లను చూశాను గానీ, ఏం తప్పు పెట్టాడని అడిగిన తండ్రిని మా బడిలో మొదటిసారి చూశాను. అప్పటి నుంచి నాకు నేనే పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. హెడ్‌మాస్టర్‌కు చెప్పే ఫోన్ లోపలికి తీసుకెళ్తాను, వెళ్లేముందు కాల్స్, నోటిఫికేషన్లు ఆపేస్తాను, పిల్లల ఫొటోలు తియ్యను.

తర్వాత బడికి పెద్ద డిజిటల్ ప్యానెల్ వచ్చింది. బొమ్మలు, వీడియోలు దాని మీదే చూపిస్తున్నాను. అయినా నా ఫోన్ జేబులోకి పోలేదు, ఎందుకంటే ఫోన్ కొలుస్తుంది కూడా. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ఉచితంగా ఇచ్చిన ఫైఫాక్స్ యాప్ ఫోన్‌లోని మైకును, సెన్సార్లను ప్రయోగ పరికరాలుగా మార్చేస్తుంది. నైన్త్‌లో ధ్వని పాఠానికి అందులోని చప్పుడుతో నడిచే స్టాప్‌వాచ్ వాడాం.

ఫోన్లు రెండు కావాలి. నాదొకటి, తెలుగు మేడంది ఒకటి. గ్రౌండ్‌లో సరిగ్గా 10 మీటర్ల దూరంలో పెట్టాం. మొదటి ఫోన్ దగ్గర చప్పట్లు కొడితే అది వెంటనే మొదలవుతుంది, చప్పుడు అంతదూరం వెళ్లాక రెండోది మొదలవుతుంది. తర్వాత రెండో ఫోన్ దగ్గర కొడితే అది వెంటనే ఆగుతుంది, మొదటిది కాస్త ఆగి ఆగుతుంది. రెండు టైముల తేడాలో ధ్వని పోను 10, రాను 10, మొత్తం 20 మీటర్లు తిరిగినట్టు. చప్పట్లు చాల్లేదు, భోజనం పళ్లేలు రెండు తెచ్చి కొట్టాం. వంట దగ్గర గిన్నె పడ్డా, రోడ్డు మీద బస్సు హారన్ కొట్టినా గడియారం దానంతటదే ఆగిపోయేది. ఎంత చప్పుడుకు స్పందించాలో యాప్‌లో పెంచుకున్నాక దారికొచ్చింది.

ఒకసారి మొదటి ఫోన్‌లో 2.431 సెకన్లు, రెండోదాంట్లో 2.374. తేడా 0.057. 20ని దాంతో భాగిస్తే సెకనుకు 351 మీటర్లు. "22 డిగ్రీల దగ్గర 344 అని చెప్పారు కదా సార్, మనది తప్పా?" అన్నారు. అది మార్చి నెల, ఎండ 35 డిగ్రీల దాకా ఉంది. వేడెక్కేకొద్దీ గాలిలో ధ్వని వేగం డిగ్రీకి 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుందని చెప్పి లెక్క కట్టమన్నాను. 352 వచ్చింది. గ్రౌండ్‌లో ఈలలు.

ఆ సంబరంలోనే ఒకడు నెమ్మదిగా అడిగాడు. "సార్, 0.057 బదులు 0.058 వస్తే ఎంత?" చేసి చూస్తే 345. ఒక్క అంకె చివర్లో మారితే ఆరు మీటర్లు పోతోంది. అంటే ఎండ వల్ల వచ్చిన తేడానో, మా కొలతలో తేడానో ఇంకా గట్టిగా చెప్పలేం. దూరం పెంచాలి, పది సార్లు కొలిచి సగటు తీయాలి, చలిరోజున మళ్లీ చేసి పోల్చాలి. ఈ మూడూ పిల్లలే బోర్డు మీద రాశారు. 25 మీటర్ల తాడు కొలిచి, రెండు చివర్లా ఎర్రగుడ్డ కట్టి, స్టాఫ్ రూమ్ బీరువా మీద పెట్టారు. డిసెంబర్‌లో, పొద్దున ప్రేయర్ అయిన వెంటనే, ఎండ ఎక్కకముందే కొలవాలని మాట తీసుకున్నారు. అప్పటికి వాళ్లు టెన్త్‌లో ఉంటారు.