రంగూన్ ఉత్తరం తేదీ తేలింది: నా అనుభవం

మా తాతయ్య బర్మాలోని రంగూన్ నుంచి రాసిన ఆఖరి ఉత్తరం తేదీ నిన్ననే తేలింది. అది రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఊరి మీద జపాన్ బాంబులు పడక ముందు రాసింది. ఆ కోపం, సంతోషం రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను.

నాన్నమ్మ ట్రంకు పెట్టెలో ఉన్న ఉత్తరాలూ ఫొటోలూ విడదీయడం తేలిగ్గానే అయింది. జిగురు ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటోలను పీకకుండా, ఉన్నచోటే పగటి వెలుతురులో ఫోన్‌తో తీసుకున్నాను.

తలనొప్పంతా తేదీలతోనే. 1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశాక అక్కడి స్టాంపులు వేరయ్యాయి. వాటి మోజులో మా బంధువొకాయన ఎప్పుడో కవర్ల మూలలు కత్తిరించుకుపోయాడు. స్టాంపుతో పాటు పోస్టు ముద్ర కూడా పోయింది. దీన్ని మాత్రం నేను క్షమించలేను. ఇక ఆధారం ఉత్తరం పైన తాతయ్య రాసుకున్న తెలుగు తేదీ ఒక్కటే. ‘వృష సం. మాగ౯’ వరకు కనిపిస్తోంది, మిగతాది మడతలో చిరిగిపోయింది.

పాత రాతలు చదవడంలో పేరున్న ఒక పెద్దాయన దగ్గరికి మా అత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన అలా చూసి, చివరి ౯ను తెలుగు తొమ్మిది అంకె అనుకుని “మాఘం, తొమ్మిది” అనేశారు. వృష నామ సంవత్సరం మాఘం అంటే 1942 జనవరి మూడో వారం తర్వాత. కానీ ఉత్తరంలో తాతయ్య “సంక్రాంతికి ఓడెక్కి వస్తాను” అని రాశాడు. పండగ అప్పటికే వెళ్లిపోయింది కదండీ అన్నాను. “అయితే మరుసటేటి సంక్రాంతి. మీ తాత యుద్ధమంతా అక్కడే ఉన్నాడు. నడిచొచ్చాడన్నది మీ నాన్నమ్మ అల్లిన కథ. ఇలాంటివి ప్రతి ఇంట్లో ఉంటాయమ్మా” అని ఉత్తరం నా చేతిలో పెట్టారు. పక్కనే ఉన్న అత్తయ్య ముఖంలోకి చూడలేకపోయాను. వాళ్లమ్మను అబద్ధాలకోరు అన్నట్టే కదా!

నాన్నమ్మ పోయేదాకా చెప్పింది ఒకటే మాట. రంగూన్ మీద బాంబులు పడ్డాక తాతయ్య జనంతో కలిసి అడవుల్లో నడిచి మణిపూర్ మీదుగా ఇల్లు చేరాడని. 1942లో అలా బర్మా విడిచి వచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. దారిలో కలరాతో, మలేరియాతో పోయినవాళ్లకు లెక్కే లేదు. అంత కష్టాన్ని ఒక్క చూపులో కొట్టిపారేయడానికి ఎవరికీ హక్కు లేదు.

చివరికి దారి చూపింది రిటైరైన ఒక తెలుగు మాస్టారు. ఆయన తేదీ జోలికి పోకుండా ముందు ఉత్తరమంతా చదివారు. ‘ఖచు౯లకు’ అన్నచోట వేలు పెట్టి “ఇదేంటి?” అన్నారు. ఖర్చులకు అన్నాను. “మరి పైన తొమ్మిదెందుకైంది?” అన్నారు. అది వలపలగిలక. ముందు పలికే ‘ర్’ను పూర్వం అక్షరానికి కుడిపక్కన అలా రాసేవారు, చూడ్డానికి అచ్చం తెలుగు తొమ్మిదే. మాగ౯ అంటే మార్గ, అంటే మార్గశిరం! మాఘమైతే ఒత్తు ‘ఘ’ ఉండాలి, ఇక్కడున్నది మామూలు ‘గ’. ఆ ఏడు మార్గశిరం 1941 డిసెంబరు 18 అమావాస్యతో ముగిసింది. రంగూన్ మీద మొదటి బాంబులు పడింది 23న. సంక్రాంతికి వస్తానన్న మనిషి ఎందుకు రాలేకపోయాడో ఇక వేరే చెప్పాలా?

ఇంటికొచ్చి ఆల్బమ్‌లో తాతయ్య, నాన్నమ్మ కలిసి దిగిన స్టూడియో ఫొటో కిందికి పళ్లు శుభ్రం చేసుకునే సన్నటి దారం పోనిచ్చి మెల్లగా లేపాను. వెనక ‘చిత్రభాను కాతీ౯కం’ అని ఉంది. చిత్రభాను అంటే వృష తర్వాతి ఏడు. అంటే 1942 నవంబరు-డిసెంబరుకల్లా ఆయన ఇంట్లో ఉన్నాడు. మార్చిలోనే రంగూన్ జపాన్ వాళ్ల చేతికి పోయింది. యుద్ధమంతా అక్కడే ఉన్న మనిషి ఇక్కడ ఫొటో ఎలా దిగుతాడు? ముందు అత్తయ్యకే ఫోన్ చేశాను.

మీరూ ఈ పనికి దిగితే, పేరున్నవాళ్ల దగ్గరికి పరిగెత్తకండి. ఉత్తరం మొత్తం చదివే ఓపికున్న మనిషిని వెతకండి. ఆ రాసినవాళ్లే రాసిన వేరే కాగితాలు కూడా పట్టుకెళ్లండి, ఒకచోట అర్థంకాని గీత ఇంకోచోట తెలుస్తుంది. ఉత్తరాలకు లామినేషన్ చేయిస్తామంటే ఒప్పుకోవద్దు, ఆ ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. ఫొటో వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్ వాడండి. బాల్ పెన్ను ముందువైపుకు గాట్లు తేలుస్తుంది.